వాన రాయని గడి

ఓబులమ్మ పొద్దున్నుంచీ మగ్గం ముందునుంచి లేవలేదు. పొయ్యి రాజలేదు. బెంగుళూరు పెద్దమనిషి పదకొండు గంటల రైలుకు దిగుతాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఆమెకు మరీ బాగా తెలుసు, తెలిసే కూర్చుంది.

"పేరు మింగినోడే సంగటి గూడా గెలుక్కోనీ," అని ఒకే ఒక్క మాట అంది. మొగుణ్ణి అన్నదే గాని చూపు మాత్రం పడుగు మీదినుంచి తిప్పలేదు. కొత్త పడుగు దారాల్ని పాత పడుగు కొసలకు ఒక్కొక్కటే పేనుతూ పోతోంది. బూడిద అంటిన వేళ్ళు చకచకా తిరుగుతున్నాయి. కోపమంతా వేళ్ళలోకి దిగిందేమో, ఆ పూట పని రోజూ కంటే జోరుగానే సాగుతోంది.

ఈశ్వరప్ప ఆ మాట విన్నాడో లేదో తెలియదు. పంచలో గోడకు ఆనించిన నల్లబోర్డు ముందు నిలబడి ఏదో రాస్తున్నాడు, తుడుస్తున్నాడు, మళ్ళీ రాస్తున్నాడు. ధర్మవరం హైస్కూల్లో లెక్కల అయ్యవారాయన. సాయంత్రాలు పిల్లలకు ప్రైవేటు చెప్పే బోర్డు అది. ఆ ఆదివారం పొద్దున దానిమీద ఉన్నవి మాత్రం పిల్లల లెక్కలు కావు. చెల్లెలివి.

ఆ చెల్లెలు రామాంజినమ్మ మిద్దె మెట్లమీద మోకాళ్ళు చుట్టుకొని కూర్చుంది. జూన్ నెల గాలి ఊరంతా ఊడ్చుకుంటూ పోతోంది. మేఘాలు వస్తున్నాయి, పోతున్నాయి. ధర్మవరం మీద ఆగాలన్న ఆలోచనే వాటికి ఉన్నట్టు లేదు. ఎదురింటి పిట్టగోడ మీద రంగు వేసిన పట్టుదారం చుట్టలు, లడీలు, ఆరేసి ఉన్నాయి. గాలికి అవి ఊగుతుంటే ఆమెకు నిద్రా మెలకువా కానిదేదో కమ్ముకొస్తోంది. ముప్పై ఆరేళ్ళ మనిషి, అనంతపురంలో యూనివర్సిటీ పిల్లలకు పాఠం చెప్పే మనిషి, ఇంట్లో ఇంత రభస జరుగుతుంటే అట్లా మేఘాలు చూస్తూ కూర్చోవడం ఏమిటని మీరు అడగవచ్చు. ఆమెకు కష్టం వచ్చినప్పుడల్లా మనసు అట్లాగే తేలిపోతుంది. చిన్నప్పటినుంచీ అంతే.

వచ్చిన కష్టం చిన్నది కాదు.

పోయిన గురువారం రీడరు పోస్టుకు ఇంటర్వ్యూ జరిగింది. కమిటీలో ఒకాయన ఇటుకంత లావు పుస్తకం తెరిచాడు. ప్రపంచంలో ఎవరి వ్యాసాన్ని ఎవరెవరు ప్రస్తావించారో అందులో ఉంటుంది. ఆయన వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికాడు. "మీ పేరుమీద ఒక్క ప్రస్తావన కూడా లేదమ్మా. ఈశ్వరప్ప అనే ఆయన పేరుమీద మాత్రం నిలువు వరస నిండుగా ఉంది. ఆయన మీకేమవుతారు?" అని అడిగాడు. మా అన్న అని చెప్పింది. వ్యాసాలమీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి గాని ఆ పుస్తకం మొదటి పేరునే లెక్కలోకి తీసుకుంటుంది. రెండోపేరు దాని కంటికి ఆనదు.

రాసింది తానేనని ఆమె చెప్పలేకపోయింది. అన్నను అబద్ధాలకోరు చేసినట్టవుతుందని నోరు పెగల్లేదు. కమిటీ ఎటూ తేల్చక, బెంగుళూరులో కంప్యూటరు విద్య బాగా తెలిసిన జయరాముడు గారనే ప్రొఫెసరుకు పని అప్పజెప్పింది. వెళ్ళి చూడండి, ఇద్దరిలో పండితుడెవరో సోమవారం చెప్పండి అన్నారు. ఇప్పుడామె చేస్తున్నది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఈసారి పొడిగించరని చెప్పేశారు. ఈ పోస్టు రాకపోతే యూనివర్సిటీలో కంప్యూటరున్న ఆ చల్లటి గదికి ఆమె మళ్ళీ పోయే దారి ఉండదు. ఎక్కడో ప్రైవేటు కాలేజీలో వడ్డీ లెక్కలు చెప్పుకుంటూ బతకాలి.

ఇదంతా విన్న ఈశ్వరప్ప, "ఆయప్పతో నేను మాట్లాడతా," అన్నాడు. సంతోషమే గదా అనుకున్నారు. కానీ ఆయన బోర్డు ముందు నిలబడి చెల్లెలి వ్యాసాన్ని వల్లె వేయడం మొదలుపెట్టాడు. శుక్రవారం వేశాడు, శనివారం వేశాడు. నిన్న మాపటికి ఓబులమ్మకు సంగతి అర్థమైంది. మొగుడు నిజం చెప్పడానికి కాదు, తానే పండితుణ్ణని కూర్చోవడానికి తయారవుతున్నాడు. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు, ఈ పొద్దు పొయ్యి ముట్టించలేదు.

గాలి ఒకసారి ఆగింది. లడీలు ఊగడం మానేశాయి. రామాంజినమ్మ లేచి అన్న దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, నువ్వు ఆయనతో ఏం చెప్పబోతాండావు?"

ఈశ్వరప్ప సుద్దముక్క చేతిలో తిప్పుకున్నాడు. పొద్దున్నే గడ్డం గీక్కున్నాడు. పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. నెరిసిన జుట్టుకు నూనె పట్టించాడు. ఆ ముస్తాబు చూస్తుంటే ఆమెకు జాలీ కోపమూ కలిసి వచ్చాయి.

"రాసింది నేనే అని చెప్తా."

"ఎందుకు?"

"ఈ ఒక్క పొద్దు నన్ను మాట్లాడనీ అమ్మీ. ఆయప్ప ఉన్నంతసేపు నువ్వు బయటికి రావద్దు."

ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగితే ఏడుస్తానని భయమేసింది. పుస్తకాలు కొనిచ్చిన అన్న, బెంగుళూరులో చదివించిన అన్న, పెళ్ళి ఊసెత్తిన చుట్టాల నోళ్ళు మూయించిన అన్న, తనను చాటుకు పొమ్మంటున్నాడు. అది గుండెలో ముల్లులా దిగింది.

"విన్నావా?" అంది ఓబులమ్మ మగ్గం దగ్గర్నుంచే. "నేను చెప్తే నమ్మలేదు. మంచోడు మంచోడంటివి."

"గమ్మునుండొదినా."

"నేనుంటాలే గమ్మున. నువ్వుండబాక."

మగ్గం పక్కన గోడకు చేరగిలబడి తిప్పన్న ఇదంతా వింటున్నాడు. ఈశ్వరప్పకూ రామాంజినమ్మకూ నాయన. చూపు మసకబారి చాలా కాలమైంది గాని చెవులు పాము చెవులు. ఆ పొద్దు ఆయన దిగులు వేరు. పడుగు అతకడం అయిపోతే తొలి పోగు వేయాలి, యమగండం రాకముందే వేయాలి. వీళ్ళ పోట్లాటలో అది ఎక్కడ తప్పిపోతుందోనని ఉండబట్టలేక, "పోగు పేనేది ఎంతవరకు వచ్చె ఓబులా?" అని గడియకోసారి అడుగుతున్నాడు.

ఆ ఇంటి పద్ధతి అది. కొత్త పడుగు ఎక్కినప్పుడల్లా ఇంటిపెద్ద పోగు చుట్టిన నాడె పట్టుకొని తొలి పోగు తోయాలి. ఆ తర్వాత చీరంతా ఓబులమ్మ నేసినా, కూలిమనిషి నేసినా, అది తిప్పన్న చీరే. సావుకారు దగ్గర ఆ పేరే చెబుతారు. మెచ్చుకున్నా తిప్పన్న చీరే. తిట్టినా తిప్పన్న చీరే.

తిట్టిన రోజు రామాంజినమ్మకు బాగా గుర్తు. ఓబులమ్మ అప్పుడు కొత్తకోడలు. అంచులో జరీ పువ్వు ఒకటి తలకిందులుగా నేసింది. సావుకారు ఆ చీరను నట్టింట్లో విసిరికొట్టాడు. కోడలు తలుపు వెనక వణికిపోతుంటే తిప్పన్న ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "నా చేతి తప్పు సామీ," అన్నాడు. నాయన అబద్ధం చెప్పడం రామాంజినమ్మ అదే మొదటిసారి వినడం. ఆ పొద్దునుంచీ ఈ పొద్దువరకూ ఓబులమ్మ మామకు మజ్జిగ ఇవ్వకుండా తాను ముద్ద ముట్టలేదు. నేటి అలకలో కూడా ఆమె మగ్గంలో కూర్చోకముందే ఆయన మజ్జిగ ఆయనకు అందింది.

అట్లాంటి ఇంట్లో పుట్టిన పిల్ల పేర్లు రాయాల్సి వస్తే ఎవరి పేరు ముందు రాస్తుంది?

డెబ్బై తొమ్మిది వేసవిలో జరిగింది అది. బెంగుళూరులో చదువు ముగించుకొని మొదటి వ్యాసం చేత్తో రాసి తెచ్చింది. అన్న బడి టైపుమిషను మీద రెండు వేళ్ళతో కొట్టాడు. కొట్టడం అయ్యాక, పేర్లెట్ల కొట్టాల అని అడిగాడు. నీది ముందు అంది ఆమె, ఆలోచించకుండానే. దీంట్లో నాకేం తెలుసని ఈశ్వరప్ప మొత్తుకున్నాడు. "తొలి పోగు నువ్వే గదన్నా," అంది. నిజమే అనుకుంది. పట్టికలు గీయడం, గడులు కట్టడం ఆమెకు నేర్పింది అన్నే. తర్వాత రాసిన వ్యాసాలకూ అదే వరస వేసింది. సముద్రాల అవతల ఉన్నవాళ్ళు ఆ మొదటి పేరును పట్టుకొని లెక్కలు కడతారని ధర్మవరంలో ఎవరికి తెలుసు?

ఆమె కనిపెట్టింది పెద్ద విద్యే గాని చెప్పుకోవడానికి సులువైనది. ఒకే పెద్ద పట్టికలో ఊరు, రైతు, పంట, వాన అన్నీ కలిపి రాసుకుంటే ఒకటే మాట పదిచోట్ల రాయాల్సి వస్తుంది. అందుకని దాన్ని చిన్న పట్టికలుగా విడదీస్తారు. అవసరమైనప్పుడు మళ్ళీ కలుపుతారు. అట్లా కలిపినప్పుడు ఒక్కోసారి మొదట లేని వరసలు పుట్టుకొస్తాయి. ఎవరూ ఎరగని రైతు, ఎవరూ వేయని పంట. ఆ దయ్యాలు పుట్టకుండా పట్టికను ఎక్కడ విడదీయాలో చెప్పే సూత్రం ఆమెది. కంప్యూటర్లలో సమాచారం దాచే విద్య నేర్చేవాళ్ళు దేశదేశాల్లో ఆ సూత్రాన్ని ప్రస్తావిస్తున్నారు. ఈశ్వరప్ప సూత్రం అని పిలుస్తున్నారు.

ఆమెకు ఈ పిచ్చి పట్టింది ముదిగుబ్బలో. అన్నకు మొదటి ఉద్యోగం అక్కడి బడిలో వచ్చినప్పుడు తననూ వెంట తీసుకుపోయాడు. బడి ఆవరణలో వాన కొలిచే పాత్ర ఉండేది. పొద్దున్నే దాన్ని చూసి పుస్తకంలో రాయడం అన్నకు అప్పజెప్పిన పని. రాయడానికి ఏముంది, ముదిగుబ్బలో! పేజీలకు పేజీలు గడులన్నీ తెల్లగా ఉండేవి. ఎప్పుడో ఒకచోట ఒక అంకె కనిపించేది. బడి వదిలాక ఆమె ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకొని తెల్లటి గడులమీద వేలు జరుపుకుంటూ పోయేది. విత్తనం పడని చేలమీద నడిచినట్టుండేది. నిద్ర వచ్చేది. ఆ నిద్రలో గడులన్నీ కదిలి ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడేవి.

వీధి తలుపు చప్పుడయింది.

వచ్చినాయన వయసు అరవై ఉంటుంది. సన్నగా ఉన్నాడు. భుజాన గుడ్డసంచి ఒకటే తప్ప హంగూ ఆర్భాటం లేవు. పుట్టింది మదనపల్లె వైపు గనుక తెలుగు మరిచిపోలేదు. కాళ్ళు కడుక్కొని పంచలో బెంచీమీద కూర్చుని, పక్కిళ్ళ మగ్గాల చప్పుడు వింటూ, ఇది వినక చాలా ఏళ్ళయిందని అన్నాడు.

ఓబులమ్మ లేచింది. లేవక చస్తుందా, ఎండనబడి వచ్చిన మనిషిని ఆకలితో పంపే ఇల్లు కాదది. మొగుడి మొహం చూడకుండానే వంటింట్లోకి పోయి బొరుగులు నానేసింది. మిరపకాయలు తుంచే చప్పుడు పంచలోకి గట్టిగానే వినబడింది. ఆ బొరుగుల ఉగ్గాని మాత్రం ఎప్పటికంటే ఒక పిసరు రుచిగానే కుదిరింది, అది కోపానికి లొంగే చెయ్యి కాదు.

రామాంజినమ్మ మగ్గం గది తలుపు వెనక నిలబడింది. అన్న రావద్దన్నాడు గనుక రాలేదు. వినవద్దని అనలేదు గనుక వింటోంది.

మొదట కుశలప్రశ్నలు నడిచాయి. తర్వాత జయరాముడు గారు సంచిలోంచి వ్యాసం తీశాడు. అందులోని మెట్లు ఒక్కొక్కటీ అడుగుతూ వచ్చాడు. ఈశ్వరప్ప బోర్డుమీద రాసి చూపిస్తూ వచ్చాడు. తడబడలేదు. అన్న గొంతులో తన మాటలు వినబడుతుంటే రామాంజినమ్మకు కోపం రావాల్సింది. రాలేదు. ఆయన నిజంగానే నేర్చుకున్నాడు. ప్రతి మెట్టూ అర్థం చేసుకొనే చెబుతున్నాడు. ఏడేళ్ళలో తన పని గురించి ఎవరైనా ఇంత శ్రద్ధగా మాట్లాడటం ఆమె వినలేదు. కళ్ళు మూసుకుంది. పట్టికలు విడిపోతున్నాయి, కలుస్తున్నాయి. హాయిగా ఉంది.

"బాగా చెప్పారు," అన్నాడు జయరాముడు గారు. వ్యాసం మూసి పక్కన పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఈశ్వరప్ప గారూ, ఒక మాట చెప్పాలి. మీ సూత్రాన్ని ప్రస్తావించిన వ్యాసాలు చాలా చదివాను. అందులో సగానికి పైగా అది తప్పని చెప్పడానికే ప్రస్తావించాయి. ఆ లావు పుస్తకానికి ఆ తేడా తెలియదు. పొగిడినా ఒకటే, తిట్టినా ఒకటే. కమిటీవాళ్ళకూ తెలియదు. రేపు నేను చెప్పక తప్పదు."

తలుపు వెనక రామాంజినమ్మ కళ్ళు తెరిచింది.

తప్పా? ఎక్కడ? తనను ప్రస్తావించిన వ్యాసాలు అనంతపురం దాకా రావు. పేరు వినబడుతోందని మురిసిపోయిందే గాని ఏమని వినబడుతోందో ఆమెకు తెలియదు.

"తెలుసు సార్," అన్నాడు ఈశ్వరప్ప. "ఏప్రిల్‌లో బెంగుళూరు వచ్చి లైబ్రరీలో కూర్చుని సదివినా. ఖాళీ గడుల కాడ ఉండాది తప్పు. రెండు గడులు ఖాళీగా ఉంటే ఆ రెండూ సమానమని అనుకునేసినా."

"అవును. తండ్రి పేరు తెలియని పిల్లలిద్దరిని పక్కపక్కన నిలబెట్టి, వీళ్ళు అన్నదమ్ములు అన్నట్టు."

"ఆ తప్పు నాదే సార్. మా చెల్లెలికి దీంతో ఏం సంబంధం లేదు. ఆ యమ్మ టైపు కొట్టింది, అంతే. నవ్వుకునేవాళ్ళు నన్ను చూసి నవ్వుకోనీ. నేను బడి అయ్యవారిని. నన్ను ఎవురేం చేస్తారు?"

ఏప్రిల్‌లో నాయన కళ్ళద్దాల కోసమని చెప్పి అన్న బెంగుళూరు పోయి, వట్టి చేతులతో తిరిగొచ్చాడు. అప్పటినుంచీ సరిగ్గా తినడం లేదు. రామాంజినమ్మకు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. తెల్లచొక్కా, నూనె రాసిన జుట్టు, బయటికి రావద్దన్న మాట. ఆయన సన్మానానికి ముస్తాబు కాలేదు. నట్టింట్లో చీర విసిరికొట్టించుకోవడానికి ముస్తాబయ్యాడు. ఆమెకు ఏడుపు పొంగుకొచ్చింది. పొద్దున్నుంచీ ఎంత మాట అనుకుంది ఆయన్ని!

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. ఓబులమ్మ కూడా విన్నది.

"నాకు ఒక్కటి అర్థం కాదు," అన్నాడు జయరాముడు గారు. "ఇంత జాగ్రత్తగా రాసిన మనిషి ఈ ఒక్కచోట ఖాళీకి ఖాళీ సమానమని ఎందుకు అనుకున్నట్టు? చదివినవాళ్ళెవరికీ అంతు పట్టలేదు. అది అడుగుదామనే ఇంత దూరం వచ్చాను."

ఈశ్వరప్ప బోర్డువైపు తిరిగాడు. తప్పు ఎక్కడుందో నేర్చుకున్నాడు గాని ఎందుకు జరిగిందో ఎవరు నేర్పుతారు? సుద్దముక్క చేతిలో పొడిపొడి అవుతోంది.

తలుపు వెనక రామాంజినమ్మకు మళ్ళీ నిద్ర కమ్మినట్టయింది. ముదిగుబ్బ బడి, ఒళ్ళో పెద్ద పుస్తకం, తెల్లటి గడులు. వేలు జరుపుకుంటూ పోతోంది. ఖాళీ, ఖాళీ, ఖాళీ. అన్నీ ఒకటే. ఏళ్ళ కింద పోగొట్టుకున్న వస్తువు చేతికి తగిలినప్పుడు మనిషి మొదట సంతోషిస్తాడు, అది విరిగి ఉందని తర్వాత చూస్తాడు. ఆమెకూ ముందు సంతోషమే కలిగింది.

తలుపు తోసుకొని పంచలోకి వచ్చింది.

"నువ్వు లోపలికి పో అమ్మీ," అన్నాడు ఈశ్వరప్ప.

ఆమె పోలేదు. "వాన పడని దినం మా పక్క గడిలో ఏమీ రాయరు సార్," అంది. "సున్నా గూడా రాయరు. రోజూ సున్నాలు రాస్తే చెయ్యి నొస్తాది గదా. ఖాళీగా ఉండాదంటే తెలీదని కాదు, వాన పడలేదని. ముదిగుబ్బలో ఖాళీ, కణేకల్లులో ఖాళీ, రెండూ ఒకటే. రెండుచోట్లా పడలేదు. నేను పెరిగింది ఆ ఖాళీ చూసే. ఖాళీకి ఇంకో అర్థముంటాదని నాకు తోచలేదు."

జయరాముడు గారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన నవ్వలేదు. వీధిలో గాలికి దుమ్ము లేస్తోంది. దాన్ని చూస్తూ అడిగాడు.

"ఆ వాన పుస్తకం ఎవరు రాసేవారు?"

రామాంజినమ్మ అన్నవైపు చూసింది. ఈశ్వరప్ప మొహం పాలిపోయింది. ఆ గడుల్ని ఖాళీగా వదిలిన చెయ్యి తనదేనన్న సంగతి ఆయనకు అప్పుడే గుర్తొచ్చింది.

"నేనే సార్," అన్నాడు మెల్లగా. వెంటనే ఆ మాటను ఆసరాగా పట్టుకున్నాడు. "సూసినారా, తప్పు నాదే. మొదులు నాకాడే ఉండాది."

"ఖాళీ పెట్టింది నువ్వు. సూత్రం రాసింది నేను," అంది చెల్లెలు. "సార్, అది నేనే రాసినా. పేరు ముందు పెట్టింది గూడా నేనే. మా అన్న అడగలేదు."

"అబద్ధం సార్."

"ఇద్దరూ ఆగండి," అన్నాడు పెద్దమనిషి. "ఎవరు రాశారో నాకు తెలిసిపోయింది, ఇంక నాకు సాక్ష్యం అక్కర్లేదు. కానీ కమిటీకి కాగితం కావాలి. అమ్మా, దీన్ని సరిదిద్దవచ్చా?"

సరిదిద్దవచ్చో లేదో ఆమెకు తెలియదు. అయినా కళ్ళ ముందు గడులు అప్పటికే కదులుతున్నాయి. పడని వాన ఖాళీ ఒకటి, తెలియని వాన ఖాళీ ఇంకొకటి. రెంటినీ వేరుగా గుర్తుపెట్టుకుంటే దయ్యాలు పుట్టవు. చాలావరకు పుట్టవు. ఎట్లాగో ఆమె మాటల్లో చెప్పింది. చెప్తూ చెప్తూ బోర్డు దగ్గరికి నడిచింది. ఆయన మధ్యలో రెండుసార్లు అడ్డుపడ్డాడు, మూడోసారి అడ్డుపడకుండా తల ఊపాడు.

"ఇది ఒక పేజీకి కుదించి రాసివ్వండి. రేపు కమిటీ ముందు పెడతాను. మొదటి వాక్యంలోనే పాతది తప్పని ఒప్పుకోవాలి, నా పట్టు అదొక్కటే. పైన ఎవరి పేరు ముందుంటే తప్పూ వారిదే, దిద్దుబాటూ వారిదే," అన్నాడు. వ్యాసం సంచిలో పెడుతూ మళ్ళీ అన్నాడు. "ఒకటి దాచకుండా చెబుతానమ్మా. కమిటీలో అందరూ నాలాగ ఆలోచించరు. తప్పు రాసిన మనిషికి పోస్టు ఎట్లా ఇస్తామని లేచేవాళ్ళుంటారు. అప్పుడు ఈ ఒక్క పోస్టే కాదు, ఇంకెక్కడికి పోయినా ఆ మాట మీకంటే ముందు పోతుంది. మీ అన్నగారి పేరు ముందుంటే మీకు ఉద్యోగం రాకపోవచ్చు గాని మచ్చ ఉండదు."

లోపల్నుంచి తిప్పన్న గొంతు వినబడింది. "ఏమప్పా ఈశ్వరా, పొద్దు మీరిపోతాంది. తొలి పోగు ఎప్పుడేసేది?"

రామాంజినమ్మ కొత్త సుద్దముక్క తీసుకుంది. బోర్డు పైభాగాన చెయ్యి పెట్టింది. వేళ్ళు అలవాటు చొప్పున అన్న పేరులోని మొదటి అక్షరం రాసేశాయి. అది చూసుకొని ఆమె ఉలిక్కిపడింది. అరచేత్తో దాన్ని తుడిచేసింది. తుడిచినచోటే తన పేరు రాసింది. తన పేరు తానే మొదట రాసుకోవడం ఆమెకు కొత్త. అక్షరాలు పిల్లలు రాసినట్టు వంకరగా వచ్చాయి. దాని కింద, ఇంతకుముందు మేము చెప్పింది తప్పు అని రాసింది. మేము అన్న మాట దగ్గర ఆగి, దాన్ని కొట్టేసి, నేను అని దిద్దింది.

భయంగా ఉంది. అయినా ఆ పేరు చూస్తుంటే ఆమెకు సంతోషంగానే ఉంది.

వంటింటి గడపలో ఓబులమ్మ పళ్ళెం పట్టుకొని నిలబడింది. పొద్దున్నుంచీ మొగుడి మొహం చూడనిది, ఇప్పుడు ఆ మొహం మీదినుంచి చూపు తిప్పుకోలేకపోతోంది.

ఈశ్వరప్ప బెంచీ మీదున్న తుడుపు గుడ్డ తీసుకున్నాడు. బోర్డు దగ్గరికి వచ్చి చెల్లెలి పక్కన నిలబడ్డాడు. ఆమె పేరును, దాని కింది వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు. కళ్ళు తడిసినాయి.

"ఉద్యోగం ఇంకో ఏడు సూసుకోవచ్చమ్మీ," అన్నాడు. "నిన్ను సూసి నలుగురు నవ్వితే నేను తట్టుకోలేను."

"తుడవద్దన్నా."

"తుడిస్తే ఈ ఇంట్లో నేనుండను సూడు," అంది ఓబులమ్మ గడపలోంచి.

ఆయన ఎవరివైపూ చూడలేదు. గుడ్డ పట్టుకున్న చెయ్యి బోర్డుమీదికి లేచి, చెల్లెలు కొట్టేసిన మేము అన్న మాటను మాత్రమే తుడిచింది.